కాలిపోయిన మోటార్ల రిజిస్టరు నుంచి మోటారు ఆయుష్షు తేల్చడం ఎలా

మా బావకి శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో మోటార్ రీవైండింగ్ (కాలిన తీగ తీసి కొత్తది చుట్టడం) షాపు ఉంది. వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఉద్దానం కొబ్బరితోటల్లోని బోరు మోటార్లే. పోయిన వేసవిలో ఒక రైతు కాలిన మోటారుని ఆటోలో వేసుకుని వచ్చి, "ఏటి మేస్త్రీ, ఐదేళ్లు చూసుకోనక్కర్లేదన్నావు, మూడేళ్లకే కాలిపోనాది" అని గట్టిగా నిలదీశాడు. ఆయన తప్పేం లేదు, ఏప్రిల్ ఎండలో నాలుగు రోజులు నీళ్లు ఆగితే చిన్న మొక్కలు మాడిపోతాయి. ఆయన వెళ్లాక బావ రిజిస్టరు తీసి నా ముందు పడేసి, "స్టాటిస్టిక్స్ చదివావు కదా బావా, ఈ మోటార్లు అసలు ఎన్నేళ్లు వస్తాయో తేల్చి చెప్పు, ఇకమీదట నోటికొచ్చింది చెప్పను" అన్నాడు.

ఆ లెక్క ఎలా చేశామో ఇక్కడ మొత్తం రాస్తున్నాను. పంపుసెట్లే కానక్కర్లేదు. రైస్ మిల్లు మోటార్లకీ జూట్ మిల్లు బేరింగులకీ ఐస్ ఫ్యాక్టరీ కంప్రెసర్లకీ ఇదే పద్ధతి పనికొస్తుంది, మీ దగ్గర తేదీలు రాసిన పుస్తకం ఒకటి ఉంటే చాలు.

మొదట చాలామంది చేసే పని ఏంటంటే, కాలిపోయిన మోటార్ల వయసులు కూడి సగటు తీస్తారు. దయచేసి అది చెయ్యకండి. కాలినవే మీ లెక్కలోకి వచ్చాయి, ఇంకా తోటలో తిరుగుతున్నవి రాలేదు, కాబట్టి ఆ సగటు సాధారణంగా తక్కువే వస్తుంది. ఈ తప్పు ఎవరైనా చెప్తే వెంటనే అర్థమవుతుంది. రెండో తప్పు ఉంది, అది అంత తేలిగ్గా కంటికి కనబడదు, నేను ఇది రాయడానికి కారణం అదే.

బావ రిజిస్టరు ఎలా పుట్టిందో చెప్తే ఆ రెండో తప్పు తెలుస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. షాపు రేకులు లేచిపోయి పాత పుస్తకాలన్నీ నానిపోయాయి, అట్టలు తప్ప ఏమీ మిగల్లేదు. ఊళ్లకి కరెంటు తిరిగొచ్చాక బావ తన ఖాతాదార్ల తోటలన్నీ తిరిగి, ఏ బోరులో మోటారు బతికుందో చూసి, అది ఎప్పుడు దించారో బిల్లు చూసో రైతుని అడిగో కొత్త పుస్తకంలో రాసుకున్నాడు. 2019 జనవరి 1 నుంచి ఆ పుస్తకమే లెక్క. ఆ తర్వాత తను దించిన ప్రతి కొత్త మోటారు కూడా అందులో ఎక్కింది.

ఇప్పుడు ఆలోచించండి. 2015లో దించిన మోటారు ఆ పుస్తకంలో ఉందంటే, అది 2019 దాకా బతికింది కాబట్టే ఉంది. అదే ఏడాది దించి 2017లోనే కాలిపోయిన మోటారు పేరు ఎక్కడా లేదు, అలాంటిది ఒకటి ఉండేదని చెప్పడానికి కూడా కాగితం లేదు. దీన్నే ట్రంకేషన్ అంటారు, ఎడమ వైపు కోత. ఇంకా తిరుగుతున్న మోటారు సంగతి వేరు, అది ఉందని మనకి తెలుసు, ఎప్పుడు పోతుందో తెలియదంతే, దాన్ని సెన్సారింగ్ అంటారు. పలాస జీడి ఫ్యాక్టరీల్లో పిక్కల్ని జల్లెడ పట్టడం చూసే ఉంటారు. జల్లెడ మీద మిగిలిన పిక్కలనే కొలిచి "మా తోట పిక్క ఇంత లావు" అంటే అది ట్రంకేషన్ చేసిన మోసం, ఎందుకంటే కిందకి రాలిపోయిన చిన్న పిక్కలు మీ లెక్కలోనే లేవు. ఒక పిక్కని పట్టుకుని "ఇది ఈ కన్నం కన్నా పెద్దది, ఎంత పెద్దదో కొలవలేదు" అంటే అది సెన్సారింగ్. రెండింటినీ ఒకటే అనుకుంటే లెక్క తప్పుతుంది.

ఇక పనిలోకి దిగుదాం. ఒక్కో మోటారుకి మూడు అంకెలు కావాలి. మన పరిశీలనలోకి వచ్చేసరికి దాని వయసెంత, బయటికి వెళ్లేసరికి వయసెంత, బయటికి వెళ్లడం అంటే కాలిపోయిందా లేక మనం లెక్క ఆపిన రోజుకి ఇంకా తిరుగుతోందా. మొదటి అంకెని దాదాపు ఎవరూ రాయరు. అదే ప్రాణం.

పద్ధతి చూపించడానికి ఎనిమిది మోటార్లతో చిన్న ఉదాహరణ వేశాను. అంకెలు నేను లెక్క తేలిగ్గా ఉండేలా అనుకున్నవి, బావ రిజిస్టరులోవి కావు. లెక్క 2019 జనవరి 1న మొదలై 2024 డిసెంబరు 31న ఆగుతుంది. వయసులన్నీ ఏళ్లలో.

1వ మోటారు: 2014 మధ్యలో దించారు, 4.5 వయసులో ప్రవేశం, 10.5 వయసుకి ఇంకా తిరుగుతోంది.
2వ మోటారు: 2015 మధ్యలో, 3.5లో ప్రవేశం, 5కి కాలింది.
3వ మోటారు: 2016 మధ్యలో, 2.5లో ప్రవేశం, 4కి కాలింది.
4వ మోటారు: 2018 మధ్యలో, 0.5లో ప్రవేశం, 6.5కి తిరుగుతోంది.
5వ మోటారు: 2019 జనవరిలో కొత్తది, 2కి కాలింది.
6వ మోటారు: అదీ 2019 జనవరిలోనే, 6కి తిరుగుతోంది.
7వ మోటారు: 2020 జనవరిలో కొత్తది, 3కి కాలింది.
8వ మోటారు: 2021 మధ్యలో కొత్తది, 3.5కి తిరుగుతోంది.

కాలినవాటి వయసులు 2, 3, 4, 5. సగటు మూడున్నర. ఆ అంకెని ఇక్కడే వదిలేయండి.

ఇప్పుడు ఒక్కో కాలిన వయసు దగ్గర ఆగి, ఆ వయసులో బరిలో ఎన్ని మోటార్లు ఉన్నాయో లెక్కపెట్టాలి. పుస్తకాల్లో దీన్ని రిస్క్ సెట్ అంటారు, నాకు బరి అన్న మాటే బాగుంది. బరిలో ఉండాలంటే రెండు షరతులు: ఆ వయసుకి ముందే మన పరిశీలనలోకి వచ్చి ఉండాలి, ఆ వయసు రాకముందే బయటికి వెళ్లి ఉండకూడదు. 2 ఏళ్ల దగ్గర 4, 5, 6, 7, 8 నంబర్లు ఉన్నాయి, అంటే ఐదు. 1, 2, 3 నంబర్లు అప్పటికి మన కంట పడలేదు, రెండేళ్ల వయసులో అవి కాలిపోయి ఉంటే మనకి తెలిసేదే కాదు, కాబట్టి ఆ వయసులో బతికిన గొప్ప వాటికి ఇవ్వకూడదు. ఐదులో ఒకటి కాలింది, నాలుగు మిగిలాయి, 4/5 అంటే 0.80. 3 ఏళ్ల దగ్గర 5వది పోయింది గానీ 3వ మోటారు కొత్తగా బరిలోకి వచ్చింది, మళ్లీ ఐదే, మళ్లీ 4/5, ముందు దానితో గుణిస్తే 0.64. 4 ఏళ్ల దగ్గర 2, 3, 4, 6 నంబర్లు, నాలుగులో ఒకటి పోయింది, 0.64ని 3/4తో గుణిస్తే 0.48. 5 ఏళ్ల దగ్గర 1, 2, 4, 6 ఉన్నాయి, మళ్లీ 3/4, మొత్తం 0.36.

అంటే కొత్తగా దించిన మోటారు ఐదేళ్లు దాటే అవకాశం ఈ ఎనిమిదింటి ప్రకారం 36 శాతం. సెన్సారింగ్‌కి ఇలా గుణించుకుంటూ పోయే పద్ధతిని కాప్లన్, మైయర్ అనే ఇద్దరు 1958లో రాశారు. ట్రంకేషన్ వచ్చినప్పుడు బరిని ఇలా సరిచేసుకోవడం 1971లో లిండెన్‌బెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త పని, ఆయన సమస్య క్వాసార్లు (ఎంతో దూరాన వెలిగే గెలాక్సీ కేంద్రాలు), మరీ మసకగా ఉన్నవి టెలిస్కోపుకి అందవు కాబట్టి లెక్కలోకి రావు. ఎక్కడి క్వాసార్లు, ఎక్కడి ఉద్దానం బోర్లు! లెక్క మాత్రం ఒక్కటే, నాకు ఈ సబ్జెక్టు మీద ప్రేమ పుట్టింది ఇలాంటి చోటే.

ప్రవేశ వయసు పట్టించుకోకుండా ఎనిమిదీ మొదటి రోజు నుంచే బరిలో ఉన్నట్టు వేసి చూడండి. 2 దగ్గర 7/8, 3 దగ్గర 6/7, 4 దగ్గర 4/5, 5 దగ్గర 3/4. గుణిస్తే 0.45. అదే మోటార్లు, అవే తేదీలు, ఒక్క కాలమ్ మర్చిపోయినందుకు 36 కాస్తా 45 అయింది. కాలినవాటి సగటు తీస్తే మోటారుని తక్కువ చేస్తాం, ప్రవేశ వయసు మర్చిపోతే ఎక్కువ చేస్తాం. రైతుకి ఇచ్చే మాట విషయంలో రెండోదే ప్రమాదం.

కొందరికి ఒక్క అంకెలో జవాబు కావాలి. అప్పుడు ఎక్స్‌పొనెన్షియల్ మోడల్ వేసుకోవచ్చు, అంటే మోటారు పాతదైనా కొత్తదైనా ఈ ఏడాది కాలిపోయే అవకాశం ఒకటే అనుకోవడం. లెక్క చాలా తేలిక: మన కళ్ల ముందు గడిచిన మోటారు-ఏళ్లన్నీ కూడి కాలినవాటి సంఖ్యతో భాగించడమే. పై ఎనిమిదికి 6, 1.5, 1.5, 6, 2, 6, 3, 3.5, మొత్తం 29.5. కాలినవి నాలుగు. సగటు ఆయుష్షు 7.4 ఏళ్లు. ఇక్కడ కూడా ప్రవేశానికి ముందు గడిచిన ఏళ్లు కలపకూడదు, కలిపితే మొత్తం 40.5 అయ్యి సగటు పదేళ్లు దాటిపోతుంది, ఆ పదేళ్లు నమ్మి వారంటీ రాసినవాడు మునుగుతాడు.

మోటారుకి వయసుతో పాటు అరుగుదల ఉంటుంది కదా, బుష్‌లు అరుగుతాయి, వైండింగ్ ఇన్సులేషన్ గట్టిదనం పోతుంది. దానికి వైబుల్ మోడల్ ఉంది, స్వీడన్ ఇంజినీరు వలోడి వైబుల్ 1951లో రాసిన పేపరుతో ప్రపంచమంతా వాడకంలోకి వచ్చింది. అందులో బీటా అని ఒక అంకె, అది 1 అయితే ఎక్స్‌పొనెన్షియలే, 1 కన్నా ఎక్కువైతే వయసుతో ముప్పు పెరుగుతున్నట్టు, తక్కువైతే తొలినాళ్లలోనే ఎక్కువ పోతున్నట్టు. ఎక్సెల్‌లోనే చేసుకోవచ్చు. బీటాకి ఏదో ఒక విలువ అనుకోండి, ప్రతి మోటారుకీ బయటికి వెళ్లిన వయసుని బీటా ఘాతానికి పెంచి, అందులోంచి ప్రవేశ వయసు బీటా ఘాతం తీసేయండి. అన్నీ కూడి కాలిన సంఖ్యతో భాగిస్తే, ఈటా అనే రెండో అంకెకి (దాదాపు 63 శాతం మోటార్లు పోయే వయసు) బీటా ఘాతం వస్తుంది. బీటా 2తో చేస్తే మొత్తం 215.75, దాన్ని 4తో భాగిస్తే 53.9, ఈటా సుమారు 7.3 ఏళ్లు. ఆ తీసివేత ఎందుకంటే, ప్రవేశ వయసు దాకా బతికిందన్నది మనం ముందే ఒప్పుకున్న షరతు, దాని తర్వాతి కథ మాత్రమే మనకి సాక్ష్యం. ఇలా రకరకాల బీటాలతో లాగ్ లైక్లీహుడ్ (మన డేటాకి ఆ బీటా ఎంత బాగా సరిపోతుందో చెప్పే అంకె) చూసి ఏది పెద్దదైతే అది తీసుకోవాలి. ఈ ఉదాహరణకి బీటా 1 దగ్గర మైనస్ 11.99, 2 దగ్గర మైనస్ 12.39 వచ్చింది. తేడా అర కూడా లేదు, అంటే ఎనిమిది మోటార్లతో అరుగుదల ఉందో లేదో తేలదన్నమాట.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఐదేళ్లు దాటే అవకాశం బరి లెక్కలో 0.36, ఎక్స్‌పొనెన్షియల్‌లో 0.51, బీటా 2 వైబుల్‌లో 0.63. మూడూ సరైన లెక్కలే, మరి ఇంత తేడా ఎందుకు? ముఖ్యంగా 1వ మోటారు ఐదేళ్లు దాటాక కూడా 10.5 వయసు దాకా నిక్షేపంగా తిరిగి మోడళ్లని పైకి లాగింది, బరి లెక్కకి మాత్రం ఐదేళ్ల లోపు సంగతే కావాలి. అందుకే అంకె పక్కన దాని దోషం, అంటే అది ఎంత అటూ ఇటూ ఊగవచ్చో, కూడా రాయాలని నేను పట్టుబడతాను. గ్రీన్‌వుడ్ సూత్రం సులువు: ప్రతి కాలిన వయసు దగ్గర, ఒక్కటే కాలితే, బరి సంఖ్యని దాని కన్నా ఒకటి తక్కువ సంఖ్యతో గుణించి 1ని దానితో భాగించండి. మనకి 1/20, 1/20, 1/12, 1/12. కూడితే 0.267, వర్గమూలం 0.516, దాన్ని 0.36తో గుణిస్తే 0.19. అంటే 36 శాతానికి ఇటూ అటూ 19 శాతం ప్రామాణిక దోషం. ఎనిమిది మోటార్లతో ఎవరికీ మాట ఇవ్వకూడదని ఆ 19 చెప్తోంది. బరిలో ప్రతి చోటా కనీసం ఇరవై ముప్ఫై ఉంటే గానీ నేను నోరు విప్పను.

ట్రంకేషన్ ఉన్నప్పుడు ఇంకో గొయ్యి ఉంటుంది. చిన్న వయసుల దగ్గర బరి పల్చగా ఉండొచ్చు, ఎందుకంటే పాత మోటార్లు ఆలస్యంగా వస్తాయి. ఆర్నెల్ల వయసులో బరిలో ఒక్కటే మోటారు ఉండి అదే కాలిపోయిందనుకోండి, 0/1 అంటే సున్నా, ఇక ఆ తర్వాత ఎన్ని బతికినా గుణకారం సున్నాలోనే ఉండిపోతుంది. అలా అయితే మొదటి నుంచి లెక్క కట్టకుండా, బరి నిండిన వయసు నుంచి మొదలుపెట్టి, "రెండేళ్లు దాటిన మోటారు ఇంకో మూడేళ్లు వచ్చే అవకాశం" అని చెప్పండి. తక్కువ చెప్పినా నిజం చెప్పినట్టవుతుంది.

ప్రవేశ వయసు రాసేటప్పుడు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న అడగండి, ఈ మోటారు సంగతి నాకు ఎలా తెలిసింది? బావ 2019 మొదటికల్లా తోటలు తిరిగి రాసుకున్నాడు కాబట్టి ఆ తేదీ ప్రవేశం. నిరుడు సర్వేకి వెళ్లినప్పుడు తిరుగుతూ కనబడిన మోటారుకి నిరుటి తేదీయే ప్రవేశం, రైతు "2016 నుంచీ ఉంది బాబూ" అన్నా సరే. మరి ముందు ఎప్పుడూ చూడని మోటారు కాలిపోయి నేరుగా షాపుకి వస్తే? అది పుస్తకంలోకి రావడానికి కారణమే కాలడం. అదే రోజు దించిన దాని జోడీ మోటారు ఎక్కడో హాయిగా తిరుగుతోంది, దాని ఊసు మనకి లేదు. ఇది కుడి వైపు ట్రంకేషన్, వారంటీ క్లెయిముల డేటా అంతా ఇలాగే ఉంటుంది. దీన్ని పై పట్టికలో కలిపేస్తే ఆయుష్షు పడిపోతుంది. కాలాన్ని వెనక్కి తిప్పి ఇలాంటి బరి లెక్కే వేసే పద్ధతి ఉంది గానీ, దానితో వచ్చేది "ఇన్నేళ్ల లోపు పోయేవాటిలో ఎప్పుడు పోతాయి" అన్న సంగతి మాత్రమే, ఎన్ని అసలు పోకుండా ఉన్నాయో అది చెప్పలేదు. దానికి ఒకే మందు, అమ్మకాల పుస్తకం. మొత్తం ఎన్ని అమ్మారో తెలిస్తే కాలనివి సెన్సార్ అయిన వరసలుగా లెక్కలోకి వస్తాయి. మేము అలా నేరుగా వచ్చినవాటిని వేరే పేజీలో పెట్టి లెక్కలో కలపలేదు.

కాలడానికి కారణం కూడా ఒక మాటలో రాయండి. మోటారు విప్పగానే మాడిన వార్నిష్ వాసన ముక్కు పగలగొడుతుంది, ఆ తర్వాత కాయిళ్లు చూడాలి. స్టార్ కనెక్షన్‌లో (మూడు ఫేజుల కాయిళ్ల ఒక్కో కొసని ఒకేచోట కలపడం) రెండు ఫేజుల కాయిళ్లు బొగ్గులా నల్లబడి మూడో ఫేజువి ఎర్రగా రాగి రంగులో నిగనిగలాడుతుంటే లైన్‌లో ఒక ఫేజు పోయిందని అర్థం, మోటారు ఆయుష్షుకీ దానికీ సంబంధం లేదు. మూడూ సమంగా మాడితే ఓవర్‌లోడో, లో వోల్టేజీయో, నీళ్లు లేకుండా తిరగడమో. కారణం వారీగా విడదీస్తే, మిగతా కారణాలతో పోయినవి ఆ లెక్క వరకు సెన్సార్ అయినట్టు తీసుకుంటాం.

ఇప్పటిదాకా మోటారు ఒక్కదాని సంగతే. రైతుకి కావాల్సింది నీళ్లు. నీళ్లు రావాలంటే మోటారు, కేబుల్, స్టార్టర్ మూడూ పనిచెయ్యాలి, ఏ ఒక్కటి పోయినా తోటకి నీళ్లు లేనట్టే. ఇది సిరీస్ సిస్టమ్, మూడింటి అవకాశాలూ గుణించాలి. రెండేళ్లకి మోటారు 0.80, కేబుల్ 0.95, స్టార్టర్ 0.90 అనుకుంటే గుణకారం 0.684. విడివిడిగా మూడూ బాగానే కనబడ్డాయి, కలిపేసరికి ప్రతి మూడు సెట్లలో దాదాపు ఒకటి రెండేళ్లలోపు ఎక్కడో ఒకచోట ఆగుతోంది. ఒక్కో భాగానికీ దాని గడియారం దానికే పెట్టండి. కొత్త మోటారు దించినప్పుడు పాత కేబులే వాడి ఉంటే, దాని ప్రవేశ వయసు సున్నా కాదు, దాని సొంత వయసే.

ఊరి మంచినీళ్ల ట్యాంకుకి రెండు మోటార్లు ఉండి, ఏది తిరిగినా సరిపోతుందనుకుంటే అది పారలల్. రెండూ పోయే అవకాశం 0.20 ఇంటూ 0.20, అంటే 0.04, కాబట్టి కనీసం ఒకటి బతికే అవకాశం 0.96. కాగితం మీద చాలా బాగుంది. కానీ రెండూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉంటే ఒక్క పిడుగుకో ఒక్క ఫేజు పోవడానికో రెండూ ఒకే రాత్రి కాలిపోతాయి, అప్పుడు ఆ గుణకారం చెల్లదు. తాగునీటి విషయంలో నేను ఆ 0.96ని ఎవరికీ చెప్పను. రెండు మోటార్లూ ఒకేసారి పోయిన తేదీలు ఎన్నో విడిగా రాసుకుని, మొత్తం సెట్‌నే ఒక యూనిట్‌గా పట్టుకుని బరి లెక్క వెయ్యడమే నమ్మదగిన దారి.

వందల వరసలుంటే చేత్తో వెయ్యనక్కర్లేదు. ఆర్‌లో (R అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్) సర్వైవల్ ప్యాకేజీకి ప్రవేశం, నిష్క్రమణ, కాలిందా లేదా అని మూడు కాలమ్‌లు ఇస్తే చాలు, పైథాన్‌లో లైఫ్‌లైన్స్‌కి కూడా ఎంట్రీ అని విడిగా ఇవ్వొచ్చు. ఒకసారి పై ఎనిమిదింటిని ఇచ్చి 0.36 వస్తోందో లేదో చూసుకోండి. 0.45 వచ్చిందంటే ప్రవేశం కాలమ్ ఇవ్వడం మర్చిపోయారు.

ఫోన్ చేస్తే ఎత్తని ఖాతాదార్లు కొందరు ఉంటారు. వాళ్ల మోటారు చివరిసారి తిరుగుతున్నట్టు తెలిసిన తేదీ దగ్గర సెన్సార్ చెయ్యండి, ఈ రోజు దాకా బతికున్నట్టు రాయొద్దు. వేరే షాపులో రీవైండింగ్ చేయించుకున్నవాళ్లు మొహమాటానికి ఫోన్ ఎత్తరు, అలాంటివే ఎక్కువైతే లెక్క మళ్లీ పైకి లేస్తుంది, కాబట్టి తోట దాకా వెళ్లి చూడటం తప్పదు. రీవైండింగ్ చేసిన మోటారుని పాత వరసలో కొనసాగించకండి, కొత్త వరస తెరిచి, రీవైండింగ్ అని పక్కన రాసి, కొత్త మోటార్లతో కలపకుండా వేరే గుంపుగా లెక్క వెయ్యండి. బావ ఇప్పుడు వాటిని ఎర్ర పెన్నుతో రాస్తున్నాడు. ఎవరైనా రైతు ఎన్నేళ్లు వస్తుందని అడిగితే ముందు అది నల్ల పేజీదా ఎర్ర పేజీదా అని చూసి, అప్పుడు జవాబు చెప్తున్నాడు.